పేరు తర్వాత ఊరు

మేం బతకడానికి వలసొచ్చిన బమ్రోలిలో మా మగ్గాల కార్ఖానాకు చీరల డిజైన్లు గీసేవాడు అతను. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. యాభై దాటిన నాకు అక్షరాలు నేర్పింది అతనే, డిజైన్లు గీసే కంప్యూటర్ మీటల మీదే.

లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోవాలంటే పాసు కోసం అర్జీ ఇవ్వాలన్నారు. నల్లటి తెర మీద ప్రోగ్రాం పేరు కొట్టి, ఆ వరుసలోనే మనిషి పేరు, ఊరి పేరు కొడితే అర్జీ అచ్చయ్యేటట్టు చేశాడు.

"ఇది మళ్ల అడుగది కాకా. అన్నీ ముందే చెప్పాలె," అనేవాడు ప్రతిసారీ.

ఇంటిపేరుతో కలిపి పేరు కొడితే చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టాలి. నేను మరిచిపోతే కసిరేవాడు. "గుర్తులు లేకుంటే ఇంటిపేరే మనిషి అనుకుంటది, పేరును ఊరనుకుంటది. నీ పేరుతోని ఊరున్నదా కాకా?"

అందరినీ పంపి ఆఖరున పోతానన్నాడు. జ్వరంతో ఆసుపత్రికి పోయినవాడు తిరిగి రాలేదు.

అతని భార్య అస్థికల మూటతో వచ్చింది. "నా అర్జీ తీస్తివి గద కాకా, ఆయనది గూడ తియ్యి. ఇద్దరం కలిసి పోతమనుకున్నం."

అతను నా వెనకే నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. గుర్తులు మరిచాను. కాగితం మీద పేరు దగ్గర ఇంటిపేరు, ఊరు దగ్గర అతని పేరు పడ్డాయి. చించబోతే ఆమె లాక్కుని మూటలో దోపుకుంది. ఆమెకు చదువు రాదు.

"ఊరు సక్కగ పడ్డదా కాకా?"

"పడ్డది బిడ్డా," అన్నాను.