కళ్లంలో ఆగిన లెక్క

పోయిన రంజాన్ నెల చివర్లో జెబెల్ అలీ రేవు గోడౌనులో గోనెసంచి ఒకటి పిగిలి గోధుమలు నేల మీదికి జారాయి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడు "ఖలాస్ భాయ్, చీపురు తెస్తా" అంటూ పోయాడు. సరుకు లెక్క నా పని కాబట్టి వంగి ఒక పిడికెడు తీసుకున్నాను. గోనెపీచు, ఎండ, సన్నటి దుమ్ము కలిసిన ఆ వాసనకు డేరా అనే పాతపేటలో మేము చిన్నప్పుడున్న బిల్డింగూ, ఎదురు వాటాలోని సిత్తీ ముఖమూ కళ్లముందుకొచ్చాయి.

నాయన డేరాలో దర్జీ. రాయచోటి నుంచి అమ్మనూ నన్నూ ఈ అరబ్బు దేశానికి తెచ్చుకొని రెండో అంతస్తులో ఒంటిగది వాటాలో పెట్టాడు. ఎదురుగా పాలస్తీనా వాళ్లు: నా ఈడు యూసుఫ్, వాడి అమ్మానాన్నలు, ఇద్దరు చెల్లెళ్లు, నాయనమ్మ. ఆమెను వాడు సిత్తీ అంటే నేనూ సిత్తీ అన్నాను. ఎండాకాలం మేమిద్దరం కిటికీ ఏసీల నీళ్లు బొట్లుబొట్లుగా పడి చల్లబడిన చోట గోళీలాడేవాళ్లం; చలికాలం సాయంత్రాలు సిత్తీ మెట్ల మీద చాప పరుచుకొని ఆలివ్ కాయలు రాతితో చితక్కొట్టి ఉప్పునీళ్లలో వేస్తూ, మధ్యలో రొట్టెకు నూనె పూసి చెరిసగం తుంచి ఇచ్చేది; అమ్మ పంపిన ఉగ్గాని తింటూ కారమని కళ్లు తుడుచుకుంటూనే గిన్నె ఖాళీ చేసేది.

రంజాన్ చివరి రోజుల్లో రెండిళ్లలోనూ ఫిత్రా కొలిచేవాళ్లు, ఇంట్లో తలకింత అని పేదలకిచ్చే గింజలు. అమ్మ మొదటి కొలతను ఒకటి అనేది కాదు, 'లాభం' అనేది; ఆ తర్వాతే రెండు, మూడు. సిత్తీ వాళ్ల ఊళ్లోనూ మొదటిది ఒకటి కాదట, 'అల్లా ఒక్కడే' అనాలట. లెక్కల పిచ్చి అప్పటికే పట్టిన నాకు ఇది తెగ నచ్చింది. కానీ సిత్తీ తన ఊరి చెక్క కుంచంతో గోధుమలు ముంచి ఎనిమిది అని మొదలుపెట్టేది. తొమ్మిది, పది అంటూ ఆరుగురికీ పదమూడుతో ముగించేది.

ఒక ఏడాది ఉండబట్టలేక తప్పని చెప్పాను. సిత్తీ బడికి పోలేదులే అని యూసుఫ్ ఎగతాళి చేశాడు. అమ్మ నన్ను గదిమింది.

"పెద్దామె లెక్క పెద్దామెది. నీకేంటికి రా? నోరు మూసుకోని సంచి పట్టుకో."

సిత్తీకి కోపం రాలేదు. కుంచం పక్కన పెట్టి చెప్పింది. అరబ్బులకూ యూదులకూ యుద్ధం జరిగిన వేసవిలో ఆమెకు పన్నెండేళ్లు. కళ్లంలో వాళ్ల నాన్న గోధుమలు కొలుస్తుంటే ఆమె సంచి మూతి పట్టుకుంది. ఏడో కొలత పోసేసరికి ఊరి చివర తుపాకులు పేలాయి. గోధుమ రాశినీ, పొయ్యి మీది పప్పునూ, కట్టేసిన మేకనూ వదిలేసి పరుగెత్తారు. నాన్న చేతిలో ఉన్నందుకు కుంచం ఒక్కటే వెంట వచ్చింది. సాయంత్రానికి తిరిగొస్తామనుకున్న నాన్న దారిలో చెప్పిన మాటను యూసుఫ్ నాకు హిందీలో చెప్పాడు, ఈసారి నవ్వకుండా.

"ఏడు అయింది. ఎక్కడ ఆపామో నువ్వు గుర్తుపెట్టుకో."

జోర్డాన్ గుడారాల్లో ఆయన పోయాడు. లెక్క ఆమె దగ్గర ఉండిపోయింది. మళ్లీ మొదటి నుంచి కొలిస్తే ఆ కళ్లం తమది కాదని తానే ఒప్పుకున్నట్టు అవుతుందని ఆమె భయం.

సిత్తీ చనిపోయిన ఏడాది యూసుఫ్ వాళ్లమ్మ కొలిచింది. 'అల్లా ఒక్కడే' అని మొదలుపెట్టింది. ఆమె పుట్టింది అమ్మాన్‌లో, కళ్లం ఎరగదు. నేనూ యూసుఫ్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత వాళ్లు కెనడా వెళ్లిపోయారు.

ఇప్పుడా బిల్డింగు లేదు. ఫిత్రా బియ్యం తూకం వేసి సీలు చేసిన ప్యాకెట్లలో దొరుకుతుంది. గోడౌనులో స్కానర్ కూత పెడితే ఒకటి. అమ్మ పోయాక లాభం అనేవాళ్లు మా ఇంట్లో లేరు, పని నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చి నేనూ ప్యాకెట్లే కొంటున్నాను.

గోనెసంచి పిగిలిన ఆ సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక యూసుఫ్‌కు ఫోన్ చేశాను. వాళ్లమ్మ చలికాలంలో పోయిందని, ఫిత్రా కొలవడానికి కుంచం తన ముందే ఉందని చెప్పాడు. వెనక టీవీలో మళ్లీ యుద్ధం వార్తలు.

"అమ్మ ఇన్నేళ్లూ మొదటి నుంచే కొలిచింది భాయ్. నాకు సరిగ్గా గుర్తులేదు. మా ముత్తాత ఎక్కడ ఆపాడు? ఆరా, ఏడా?"

"ఏడు," అన్నాను.

కుంచం గింజల్లోకి దిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వాడు, నెమ్మదిగా, ఎనిమిది అన్నాడు.