ఆగస్టు దాకా ఆగని ఎడమచేతి దినం

ఈ పొద్దున చాయ్ తాగుతుంటే ఫోను టింగుమన్నది. చూస్తే, ఇవాళ ప్రపంచమంతా ఎడమచేతివాటం వాళ్ళ దినోత్సవమట. నవ్వొచ్చి చాయ్ పొలమారింది. చొక్కా అంతా తడిసిపోయిందని రాద్దామనుకున్నాను గాని, నిజానికి పడ్డవి రెండు చుక్కలే. నవ్వెందుకంటే, ఆ దినం మా ఇంట్లో శివరాత్రి అయిన వారానికే అయిపోయింది. ఇప్పుడు ఆగస్టు. మా అక్కతో పోలిస్తే ప్రపంచం ఆర్నెల్లు వెనకబడి ఉన్నట్టు.

అక్క వనపర్తిలో ఉంటుంది, నేను గద్వాలలో. పోయినేడు అక్కకు మనుమరాలు ఫోనుతో మాట్లాడడం నేర్పింది. ఫోనులో కాదు, ఫోనుతోనే. అప్పటినుంచి పొయ్యి వెలిగించగానే అక్క దాన్ని మొదటి ప్రశ్న అడుగుతుంది: "ఏం బిడ్డా, ఇయ్యాల ఏం దినం?" లోపలున్న ఆడగొంతు ఏదో పుస్తకం చదివినట్టు జవాబు చెబుతుంది. "గంత ఉరుకుడేంది, జర నిదానంగ చెప్పు" అని అక్క దానికి బుద్ధి చెప్పి, ఆ సంగతి కుటుంబం గ్రూపులో తన గొంతుతో చాటింపు వేస్తుంది. పిచ్చుకల దినమంటే మిద్దె మీద నూకలు చల్లింది, వచ్చినవన్నీ పావురాలే. తాబేలు దినమంటే కొడుకును గుమ్మంలోనే ఆపి, "ఇయ్యాల బండి తాబేలు లెక్క నడుపు" అని ప్రమాణం చేయించుకుంది. ఇడ్లీకి కూడా ఒక దినం ఉందని తెలిసిన రోజు మాత్రం అక్కకు కోపమొచ్చింది. "ఇడ్లీకి ఉన్నది, మన జొన్నరొట్టెకు లేదా? ఈ దినాలు పెట్టినోళ్ళు మనుషులే కద, నేను కాదా?" అని మర్నాడే జొన్నరొట్టె దినం ప్రకటించింది. ఆ దినాన్ని గద్వాల ఊరు ఊరంతా జరుపుకుందని నేను గ్రూపులో జవాబిచ్చాను. జరుపుకున్నది మా ఇల్లు, పై వాటాలో కిరాయికున్నవాళ్ళు. వాళ్ళు కూడా రొట్టెలు మేమిస్తేనే తిన్నారు.

ఈ సందడంతటికీ దూరంగా ఉండేది ఒక్క మా బావే. "పొద్దున లేస్తే దినాలు దినాలంటవేందే, నేనింక బతికే ఉన్న కద!" అనేవాడు. మా దిక్కు దినాలంటే పోయినవాళ్ళకు చేసేవి. అందరం నవ్వేవాళ్ళం, అక్క తప్ప. బావ బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయాడు. శ్రీశైలం ఘాటులో కండ్లు మూసుకొని బస్సు నడిపేవాడని నేను చానామందికి చెప్పాను. బావ కండ్లు తెరుచుకునే నడిపేవాడు. మూసుకున్నది పక్కన కూర్చున్న నేను. అంతటి మనిషికి రెండున్నరేండ్ల కింద పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. మా ఇండ్లల్లో ఎడమచెయ్యి గరిటె పట్టి వడ్డించవచ్చు గాని, పళ్ళెంలో పెట్టి కలిపితే చూసేవాళ్ళు మొహం తిప్పుకుంటారు. అందుకని బావ నలుగురిలో తినడం మానేశాడు. చెంచా ఇస్తే దవాఖానలో ఉన్నట్టుందన్నాడు. అక్క కలిపి పెడతానంటే, "నేనేమన్న పసిపిల్లగాన్నా?" అన్నాడు. లోపలి అర్రలో పళ్ళెం పెట్టించుకొని, తలుపు దగ్గరికి వేసుకొని, ఒక్కడే తినేవాడు. పెండ్లిళ్ళకు పోవడమూ బందైంది.

అట్లాంటి సమయంలో ఆ మనుమరాలికే నాగర్‌కర్నూల్ సంబంధం కుదిరింది, పెండ్లి ఎండాకాలంలో. మాలో ఒక ఆచారముంది. పెండ్లినాడు రెండు దిక్కుల పెద్దమనుషులు పక్కపక్కన ఒకే బంతిలో కూర్చొని తినాలి. ఎవరైనా కూర్చోకపోతే ఆ దిక్కువాళ్ళకు సంబంధం నచ్చలేదని లెక్క. "తాతా, నువ్వు పెండ్లిపిల్లగాని తాత పక్కన కూసోవాలె" అని పిల్ల గారాబంగా అడిగింది. "నేను రాను బిడ్డా" అన్నాడు బావ. "ఆయన పక్కన కూసోని ఎడమచేత్తోటి తింటే మన ఇజ్జత్ ఏమైతది?" కూర్చుంటే అవమానం, కూర్చోకపోతే అలక. పిల్ల మొహం చిన్నబోయింది. అక్క ఒక్క మాటా మాట్లాడలేదు. అక్క మాట్లాడలేదంటే ఎవరైనా సరే జర భయపడాల్సిందే.

శివరాత్రి అయిన వారానికి చాటింపు వచ్చింది. "రేపు ఎడమచేతి దినం. అందరు మా ఇంటికి రాండ్రి. కుడిచెయ్యి పళ్ళెంల పెట్టినోళ్ళకు కూర లేదు." నేనూ మా ఇంటామె బస్సెక్కి పోయాం. గడప దాటగానే అక్క మా ఫోన్లు గుంజుకొని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. పొద్దంతా ఫోనుతో ముచ్చట్లాడే మనిషి! "ఫొటోలు గిట్ల ఏం వద్దు, తిననీకె వచ్చిండ్రు, తినుండ్రి" అన్నది. పళ్ళేలన్నీ నడి ఇంట్లోనే పరిచింది. ఆ రోజు లోపలి అర్రలో పళ్ళెం పెట్టలేదు. బావ ఆ అర్ర తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. మేము మొదలుపెట్టాం. ఎడమచేత్తో జొన్నరొట్టె తుంచడమంటే మాటలు కాదు. అక్క కోడలి రొట్టె జారి పచ్చిపులుసులో పడింది. మా ఇంటామె ముద్ద నోటికి బదులు ముక్కుకు అందించుకుంది. నేను మాత్రం ముత్యంలా తిన్నానని రాసుకుందును గాని, తలుపు దగ్గరినుంచి వచ్చిన మాట అందరూ విన్నారు.

"ఓ బామ్మర్దీ, అన్నం తింటున్నవా, గోడకు సున్నమేస్తున్నవా?"

"చేతనైనోనివి నువ్వొచ్చి చూపియ్యరాదు బావా!" అన్నాను, మీసాలనుంచి పప్పు తుడుచుకుంటూ.

బావ వచ్చి కూర్చున్నాడు. "చిటికెనవేలుతోటి అదిమిపట్టు. బొటనవేలుతోటి గుంజు. ఆఁ, గట్ల." రొట్టె తుంచి, పుంటికూర అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. ఎంత శుభ్రంగా తిన్నాడో! అర్ర తలుపు వెనక రెండేండ్లు ఒక్కడే పట్టిన సాధన అది. ఆ పూట అందరి పళ్ళేల చుట్టూ మెతుకులే, బావ పళ్ళెం చుట్టూ ఒక్కటి లేదు. మనుమరాలు, "తాతా, నాకు చూపియ్యి, నాకు చూపియ్యి" అని జరిగి జరిగి ఆయన పక్కకు చేరింది. ఆ సమయానికి అక్క ఆయన దిక్కు చూడనే లేదు. వంటింటి గడపలో నిలబడి, చల్లలో ఉప్పు తక్కువైందని కోడలితో కొట్లాడుతున్నది. చల్లలో ఉప్పు సరిపోయే ఉంది, నేను తాగాను కద.

తిరుగు బస్సులో నాకు పురుగు తొలిచింది. నా ఫోనును అడిగాను. ఎడమచేతి దినం ఆగస్టులో అన్నది. వెంటనే అక్కకు ఫోను కొట్టాను. "అక్కా, అది ఆగస్టుల వస్తదట కద?"

"పెండ్లి ఎండకాలంల ఉన్నదిరా" అన్నది అక్క. "ఆగస్టు దాక ఎవరాగుతరు? నోరు మూస్కొని ఇంటికి పో."

ఆ ఉపాయం నాదేనని ఈ ఆర్నెల్లలో నలుగురైదుగురికి చెప్పుకున్నాను. నాది కాదు. నేను నోరు మూసుకోవడం వరకే నా వంతు, అది కూడా కష్టం మీద.

పెండ్లినాడు బంతిలో పిల్లగాని తాత పక్కన బావ కూర్చున్నాడు. బావ ఎడమచెయ్యి ఆకులోకి పోగానే ఆ పెద్దమనిషి చెయ్యి ఆగింది. మా దిక్కువాళ్ళందరి చేతులూ ఆగాయి. బావ తలెత్తి తాపీగా అన్నాడు: "ముప్పై ఏండ్లు గేర్లేసింది ఈ చెయ్యే బావా. పేరు మాత్రం స్టీరింగు పట్టిన చెయ్యికొచ్చింది. అది దిగిపోయింది, ఇప్పుడు దీని డ్యూటీ." పిల్లగాని తాత ఒక్క క్షణం చూసి, పెద్దగా నవ్వి, "అయితే రెండో గేరుల తిను బావా, మనకేం తొందర" అని తన ఆకులోని మటన్ ముక్క తీసి బావ ఆకులో వేశాడు. ఆ రోజు బావకు తోడుగా నేనూ బంతి అయ్యేదాకా ఎడమచేత్తోనే తిన్నానని అందరికీ చెబుతుంటాను. మొదటి ముద్ద అట్లనే తిన్నాను. మటన్ పడ్డాక కుడిచెయ్యి నా మాట వినలేదు. అక్క మాత్రం ఆడవాళ్ళ బంతిలో, కొంగుతో మొహం తుడుచుకుంటూ, చివరిదాకా ఎడమచేత్తోనే తిన్నదట. మా ఇంటామె చూసింది.

ఇందాక ఫోనులో వచ్చిన ఆ దినోత్సవం సంగతి నేను గ్రూపులో వేశాను, అక్కను కొంచెం ఏడిపిద్దామని. అక్క కంటే ముందు బావ గొంతు వచ్చింది. "గిది మనకు ఎన్నడో అయిపాయె కద బామ్మర్దీ! మీ అక్క ఆగస్టు దాక ఆగే మనిషా?" వెనక అక్క నవ్వు వినబడుతున్నది. బావకు ఈ సంగతి ఎప్పుడు తెలిసిందో, ఆ రోజు అర్ర తలుపు దగ్గర నిలబడ్డప్పుడే తెలుసునేమో, నేను అడగలేదు. రోజులు వాటంతట అవే వస్తాయని ఇన్నేండ్లూ చాయ్ తాగుతూ కూర్చున్నవాణ్ణి నేను; కొన్నింటిని ఎదురుపోయి పిలుచుకు రావాలని మా అక్కకు తెలుసు.