నిమ్మకాయలు కోసిన శుక్రవారం

ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాతగారింట్లో నేను వంట చేస్తాను. ఆ ఇంట్లో నిమ్మకాయ లేని పూట లేదు. పొద్దున్నే అయ్యగారికి గోరువెచ్చని నీళ్ళలో, మధ్యాహ్నం పప్పుచారులో, సాయంత్రం కథలు చెప్పడానికి వచ్చేవాళ్ళకి షర్బత్‌లో. డ్రైవరుతో ఎర్రగడ్డ మార్కెట్‌కి వెళ్ళి పల్చటి తోలు కాయలు ఏరుకొస్తాను. గట్టు మీద అరచేత్తో దొర్లించి, అడ్డంగా కోసి పిండుతాను. చారు పొయ్యి మీద ఉండగా పిండితే చేదు. తొక్క నలిగేదాకా పిండినా చేదే. మిగిలిన డొప్పలతో సింకు తోముతాను. వేళ్ళ పగుళ్ళలోకి పులుపు దిగితే ఇంటికెళ్ళి అన్నం కలుపుకునేటప్పుడు కూడా మండుతుంది.

రాయడం నాకు ఆలస్యంగా వచ్చింది. కొండ కింద బస్తీలో మా మందిరం ఉంది, రేకుల కప్పుది. అక్కడ పాస్టరమ్మగారు శనివారం సాయంత్రాలు నాలాంటి ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. జుట్టు సగం నెరిశాక దిద్దాను. ఒత్తుల దగ్గర చాలా ఏడ్చాను. పెన్సిల్ పట్టుకుంటే కూడా వేళ్ళు మండేవి. అయినా మానలేదు. అంతకుముందు ఎవరో బైబిలు చదివితే విని ఆమెన్ అనేదాన్ని. అక్కడ నిజంగా ఏముందో నాకెలా తెలుస్తుంది?

గుడ్ ఫ్రైడే నాడు మా దగ్గర, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు. ఎవరి మాట ఉన్న వాక్యభాగాన్ని వాళ్ళు మైకు ముందు నిలబడి చదవాలి. ఎప్పుడూ చదువుకున్నవాళ్ళకే ఇచ్చేవారు. ఆ ఏడాది పాస్టరమ్మగారు ఐదో మాట నాకిచ్చారు. 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట.

కంఠతా పట్టి అప్పజెప్పడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. పాటలన్నీ అలాగే నేర్చుకున్నాను. చూసి చదవాలన్నది నా పట్టుదల. మైకు ముందు, అందరూ వింటుండగా, వేలు కింద పెట్టి చూసి చదవాలి. మధ్యాహ్నం గిన్నెలయ్యాక వంటింటి గుమ్మంలో కూర్చుని చదువుకునేదాన్ని. డ్రైవరు నీళ్ళకొచ్చి నవ్వేవాడు.

"ఏంది అక్కా, డైలాగులా? అయ్యగారికి చెప్పి వేషం ఇప్పిస్తా."

"నీ మొహం. ముందు నువ్వు కారు కడుక్కో."

గుడ్ ఫ్రైడే ఉన్న వారంలోనే అయ్యగారి కొత్త సినిమా ముహూర్తం వచ్చింది. అయ్యగారు బయల్దేరేముందు కారుకి హారతి ఇచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంకో కాయ దిష్టి తీసి కోసి, కుంకుమ అద్ది గేటుకి రెండు వైపులా విసరాలి. అది ఎప్పుడూ అమ్మగారే చేస్తారు. ఆ రోజు ఆవిడ బయట చేరారు. పూజ వస్తువు ఏదీ ముట్టుకోకూడదు. మెట్ల మీదే నిలబడి నన్ను కేకేశారు.

"నువ్వు రా. నిమ్మకాయలు నువ్వు పెట్టు."

"అమ్మా, నేను చర్చికి వెళ్ళేదాన్నండి. ఇవి మేము చెయ్యకూడదు."

"రోజూ కొయ్యడం లేదేంటే? నిమ్మకాయకి చర్చేంటి, గుడేంటి? ముహూర్తం దాటిపోతోంది."

అయ్యగారు వాచీ చూసుకుంటున్నారు. డ్రైవరు స్టీరింగ్ ముందునుంచి తల బయటపెట్టాడు. "జర పెట్టు అక్కా. పప్పుల పిండితే కోపం రాని ఏసయ్యకు, కుంకుమ పెడితే వస్తదా?"

కాయలు ఫ్రిజ్‌లోంచి తెచ్చింది నేనే. పెట్టాను. కోశాను. కుంకుమ అద్ది విసిరాను. కారు వాటిని తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. డొప్పల పులుపు వాసన, కుంకుమ వాసన కలిసి నా చేతులకు పట్టాయి. కడుక్కుని ఉప్మా తాలింపు వేశాను. అంతకంటే ఏమీ అనుకోలేదు.

నేను నిమ్మచెక్కలు విసురుతున్నప్పుడే గేటు ముందునుంచి స్టూడియో వ్యాను ఒకటి వెళ్ళింది. అందులో మా మందిరం సంఘ పెద్ద ఉన్నారు. ఆయన షూటింగుల్లో లైట్లు చూస్తారు. నా చేతిలో ఎర్రటి నిమ్మచెక్క ఆయన కళ్ళబడింది.

సాయంత్రం మందిరానికి రమ్మని కబురొచ్చింది. వెళ్ళాను. పాస్టరమ్మగారు తల వంచుకుని కూర్చున్నారు. పెద్దే మాట్లాడారు.

"సిస్టర్, విగ్రహారాధన చేసిన చేత్తో వాక్యం ఎట్ల పడతారు?"

"నేను పూజ చెయ్యలేదు బ్రదర్. అమ్మగారు చెప్పిన పని చేశాను."

"ఎవరు చెప్పినా నిలబడాలె కదా."

"మీ షూటింగుల్లో రోజూ కొబ్బరికాయ కొట్టరా?"

"నేను కొట్ట సిస్టర్. నేను లైట్ పట్టుకుంట."

అక్కడున్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. ఆయన నవ్వలేదు. తాను చెప్పిన దాంట్లో నవ్వే సంగతి ఆయనకు కనపడలేదు. నేను పాస్టరమ్మగారి వైపు చూశాను. నా వేలు పట్టుకుని 'అ' దిద్దించిన మనిషి. ఏదైనా అంటారని చూశాను. ఆవిడ కొంగు సర్దుకుని అన్నారు.

"ఈసారికి వేరే అమ్మాయికి ఇద్దాం లెండి. మీరు బాధపడకండి. ఉపవాసం విడిచాక అందరికీ నిమ్మరసం ఇవ్వాలి కదా, అది మాత్రం మీరే చూసుకోవాలి. మీలా ఎవరూ కలపలేరు."

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. చివరి నిమిషంలో మనసు మార్చుకుంటారేమో, మైకు దగ్గరికి పిలుస్తారేమో అనే ఆశ నన్ను శుక్రవారం దాకా లాక్కెళ్ళింది. చదివేటప్పుడు కట్టుకోవాలనుకున్న చీర ఇస్త్రీ చేయించుకుని అదే కట్టుకుని వెళ్ళాను.

మందిరం వెనక రేకుల నీడలో బస్తా నిమ్మకాయలు, స్టీలు డ్రమ్ము, ఐసు. ఎండ మాడిపోతోంది. కోస్తూ కూర్చున్నాను. లోపల మొదటి మాట అయింది, రెండో మాట అయింది. ఐదో మాటకి ఒక కాలేజీ అమ్మాయి లేచింది. వాక్యం రాసుకుని నా బ్లౌజులో మడిచి పెట్టుకున్న కాగితం తీయలేదు. చేతులు తడి. ఆ అమ్మాయి తడబడాలని కోరుకున్నాను. నేను రాత్రింబవళ్ళు కుస్తీ పట్టిన ఒత్తు దగ్గరైనా ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. చక్కగా చదివింది. దేవుడి సన్నిధిలో ఇలాంటి కోరిక కోరినందుకు నాకేమీ సిగ్గు వేయలేదు.

ఆరాధన అయ్యాక అందరూ వచ్చి తాగారు. పెద్ద కూడా వచ్చారు. "బాగుంది సిస్టర్, ఇంకొంచెం పొయ్యండి," అన్నారు. ఆయన గ్లాసులో నా చేతిమీదుగానే పోశాను. ఆ చేతి సంగతి ఆయనకు అప్పుడు గుర్తులేదు.

ఆ సినిమా ఆడలేదు. అమ్మగారు ఫోన్లో చెల్లెలితో అంటుంటే విన్నాను. "ముహూర్తం నాడు చెయ్యి మారిందే. దానికి నమ్మకం లేదు, మొక్కుబడిగా విసిరింది." ఆ తర్వాత గేటు దగ్గరికి నన్ను పిలవలేదు. వంటింట్లో మాత్రం పని అలాగే ఉంది. ఆ ఫోను విన్న మర్నాడు పొద్దున్న కూడా అయ్యగారి గ్లాసులో నిమ్మకాయ పిండింది నేనే.

గుడ్ ఫ్రైడే ముందటి ఉపవాస దినాలు మళ్ళీ వచ్చినప్పుడు పాస్టరమ్మగారు ఇంటికొచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు, అది నాకు తెలుసు.

"ఈసారి ఐదో మాట మీకే. ఆదివారం సంఘం ముందు నిలబడి ఒక్కసారి ఒప్పుకుంటే చాలు."

"ఏం ఒప్పుకోవాలమ్మా?"

"ఆ నిమ్మకాయ సంగతి."

"కోశానమ్మా. మీ డ్రమ్ములోకి కోసినవీ ఈ చేత్తోనే."

"అది వేరు కదండీ."

"నాకు వేరుగా తెలియలేదు."

ఆవిడకు మంచినీళ్ళు ఇచ్చాను, తాగారు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "ఆలోచించుకోండి. అంత కష్టపడి నేర్చుకున్నారు," అన్నారు.

ఆలోచించుకున్నాను. మైకు ముందు నిలబడి నా నోటితో చదవాలనే ఉంది. ఇప్పటికీ ఉంది. కానీ అక్కడ నిలబడి మొదట చెప్పాల్సిన మాట 'తప్పు చేశాను' అనైతే, తర్వాత చదివేది నా నోట్లో నిలవదు. ఆ ఆదివారం వెళ్ళలేదు. గుడ్ ఫ్రైడే నాడు అమ్మగారింట్లో భోజనాలకి జనం వస్తున్నారన్నారు. నేను సెలవు అడగలేదు.