బొట్టు పెట్టని పిలుపు

ఆగస్టు, రెండో శనివారం, సాయంత్రం. సూరత్. పొద్దుటి నుంచి వాన.

హాజరైనవారు: మా ప్రచార విభాగం చూసే మేడమ్, గేటు కాపలా ఆయన, నేను. ఆలస్యంగా మా బావ.

ఆ రోజు డైరీలో ఇంతకు మించి రాయబుద్ధి కాలేదు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మిల్లులో సరుకు పంపే విభాగంలో పని చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మా ఆవిడ పోయింది. ఊరి చివర ఉన్ అనే పేటలోని ఇంట్లో పగలు గడవడం కష్టమైంది. చిత్రకళా మ్యూజియంవాళ్ళు ప్రచార పనికి ఇంటర్న్‌లు కావాలని వేసిన ప్రకటనలో వయసు సంగతి రాయలేదు. వెళ్ళాను. మేడమ్‌కి నా వయసులో సగం కూడా ఉండదు. ఆమె నవ్వలేదు. "కాకా, ఫోన్‌లో పోస్టులు పెట్టడం వచ్చా?" అని మాత్రం హిందీలో అడిగింది. రాదన్నాను. తర్వాత నేర్చుకున్నాను. పత్రికలకు ప్రెస్ నోట్లు పంపడం, ఫోనెత్తని విలేకరులకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయడం, బొమ్మల కింద వివరాలు సరిచూడడం నా పని. మధ్యాహ్నం మిగతా ఇంటర్న్‌లు తినడానికి బయటికి వెళ్తూ నన్నూ పిలిచేవాళ్ళు. నేను కూర్చోగానే వాళ్ళ మాటలు ఆగిపోయేవి. అందుకని ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

ఆ వానాకాలం మగ్గాల బతుకు గురించి గీసిన చిత్రాల ప్రదర్శన వచ్చింది. పవర్‌లూమ్ షెడ్లు, దారం చుట్టే ఆడవాళ్ళు, షిఫ్టు దిగి వరసగా పడుకున్న మగవాళ్ళు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ నేస్తున్న మనవాళ్ళ బతుకే అంతా. వాళ్ళను పిలిచి తెలుగులో చూపిస్తానని నేనే అడిగాను. రెండు శనివారాలు, సాయంత్రం ఒక్కో గంట ఇచ్చారు. జనం వస్తే ఇకపై ప్రతి ప్రదర్శనకూ తెలుగు సాయంత్రం ఉంటుందని, రాకపోతే ఆ గంట పిల్లల డ్రాయింగ్ క్లాసుకు పోతుందని మేడమ్ చెప్పింది. ఆమెకు అది ప్రచారం. నాకు వారంలో ఒక్క గంట నా భాషలో నలుగురితో మాట్లాడడం.

నాకు తెలిసిన పద్ధతిలో అంతా చేశాను. కార్డు తెలుగులో రాయించి ఫోన్లకు పంపాను. షిఫ్టు మారే వేళ షెడ్ల బయట నిలబడి చేతికిచ్చాను. "తప్పకుంట అస్తమన్నా" అని అందరూ అన్నారు.

కుర్చీలు వేయించి, చాయ్ ఫ్లాస్కు పెట్టించి, ఏ బొమ్మ దగ్గర ఏం చెప్పాలో గొంతులోనే అనుకుంటూ తిరిగాను. చెప్పిన వేళ దాటింది, ఒక్కరూ రాలేదు. గేటు ఆయన రెండుసార్లు లోపలికి తొంగిచూసి, నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

చివరికి మా బావ వచ్చాడు. మా ఆవిడకు సొంత అన్న, ఊరి పక్క సచిన్ పారిశ్రామికవాడలో మగ్గాల మేస్త్రి. గుమ్మంలో గొడుగు దులుపుతూ హాలంతా చూశాడు.

"ఏంది బావా, గిట్ల ఖాళీగున్నది? పెండ్లి అయినంక అచ్చిన్నా?"

"పెండ్లి మొదలే కాలే. అక్క రాలేదా?" అన్నాను, వెనక బావ భార్య కనపడక.

"ఎట్లస్తది? దాన్ని ఎవలు పిలిసిండ్రు?"

"కార్డు నీ చేతికిచ్చిన గదా."

"నా చేతికిస్తే నన్ను పిలిసినట్టు. నేనచ్చిన. ఆడోళ్ళకు బొట్టు వెట్టి పిలిసినవా? అది లేకుంట వాళ్ళు గడప దాటుతరా? వాళ్ళు కదలకుంటే మొగోళ్ళు పండుకోనే ఉంటరు."

"ఇది పేరంటం గాదు బావా, మ్యూజియం."

"నువ్వు పిలిసింది మనోళ్ళనే గదా మరి?"

శుభకార్యాలకు ఆ పని ఎప్పుడూ మా ఆవిడే చూసుకునేది. పిలుపులో అదొకటి ఉంటుందనే నాకు తట్టలేదు. తట్టినా, ఒంటరి మగవాణ్ణి, ఎవరి నుదుట పెట్టగలను?

ఉన్న ఒక్కడికే అన్ని బొమ్మలూ చూపించాను. "వీని లుంగి జూడు, మా షెడ్డు పోరడే" అంటూ నవ్వించాలని చూశాడు. మేడమ్ వచ్చి, మిగిలింది వచ్చే శనివారం ఒక్కటే, ఉంచాలా తీసేయాలా అని మెల్లగా అడిగింది. నేను నోరు తెరిచేలోపే, "రఖో మేడమ్, రఖో. పూరా మొహల్లా ఆయేగా" అని, పేటంతా కదిలొస్తుందని మాటిచ్చేశాడు బావ.

మర్నాడు పొద్దున్నే అక్క కుంకుమ భరిణెతో మా గుమ్మం ముందుంది. "నడువు తమ్మీ. ఇండ్లు నువ్వు సూపియ్యి. లోపటికి మాత్రం రాకు, ఆడోళ్ళు పనుల మీదుంటరు."

మొదటి బిల్డింగులో మెట్ల మీద నిలబడ్డాను. తలుపు తెరలోంచి మాటలు వినపడుతున్నాయి.

"ఏం కార్యమక్కా?"

"కార్యం గాదే. మన మగ్గాల బొమ్మలు గీసి పెద్ద బంగ్లల వెట్టిండ్రు. శనారం పొద్దుమీకి రావాలె."

"ఎవలింటి బొట్టు ఇది? మీదేనా?"

భరిణె మూత తీసిన చప్పుడైంది.

"మా ఆడిబిడ్డది. అదుంటే అదే అచ్చేది. దాని జాగల నేనచ్చిన."

"అయ్యో, ఆమె బొట్టయితే రాకుంట ఎట్లుంటం?" అంది లోపలి గొంతు. ఆ తర్వాత ఇద్దరూ మా ఆవిడ గురించి ఏదో చెప్పుకున్నారు. గొంతులు తగ్గించడంతో నాకు వినపడలేదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అక్క బయటికొచ్చి, భరిణె మూత బిగించి, నా మొహం చూడకుండానే అంది: "పైన ఎన్ని ఇండ్లున్నయి? నడువు."