ఎండకూడని గుజ్జు

తేదీ లేని మాటను, తూకం లేని సరుకును నేను నమ్మను. హిందూపురంలో ఒక ప్లాస్టిక్ కర్మాగారపు పరీక్షశాలలో పనిచేసి విరమించినా ఆ అలవాటు పోలేదు. పెనుకొండలో వేరుశనగ కాయలు ఒలిచే తమ్ముడి మిల్లు వరుస కరువులతో మూతపడే స్థితికి వచ్చినప్పుడు నేను అతణ్ణి ఓదార్చలేదు. మిల్లులో మిగిలిన పొట్టును తూచాను.

పొట్టును క్షారంలో ఉడికించి, తెల్లబరచి, మెత్తగా నూరితే కంటికి కనబడనంత సన్నని సెల్యులోజ్ పోగులున్న గుజ్జు వస్తుంది. ఆ పోగులు నీటిని వదలవు. ప్లాస్టిక్‌కు నీరు గిట్టదు. అందుకని నీటి స్థానంలో మెల్లమెల్లగా ఎసిటోన్ నింపి, పోగుల పైభాగాన ఎసిటైల్ సమూహాలను అతికించాలి. అప్పుడే అవి కరిగిన ప్లాస్టిక్‌లో విడివిడిగా కలుస్తాయి. ఆ ప్లాస్టిక్‌తో పోయించిన తొలి కండెలను, అంటే మగ్గం నాడెలో అడ్డపోగు చుట్టి పెట్టే గొట్టాలను, ధర్మవరంలో పట్టుచీరలు నేయించే వ్యాపారి మెచ్చాడు. మరో వంద ఇలాగే వస్తే ఏడాది పొడవునా తీసుకుంటానన్నాడు. రాకపోతే మిల్లు యంత్రాన్ని అమ్మక తప్పదు. కొనేవాడు అప్పటికే చూసి వెళ్లాడు.

ఉన్న పొట్టంతా గుజ్జు చేసి, తొట్టిలో ఉంచి, ఎసిటోన్ కోసం హిందూపురం వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తొట్టి ఖాళీ.

“గుజ్జు యాడ పెట్టినావురా?”

“మిద్దె మీద ఎండకేసినా అన్నా. తడి మీద ఉంటే బూజు పడ్తాది. పోయినేడు అదును తప్పిన వానకు చెనక్కాయలు తడిసి ఏమైనాయో చూసినావు గదా.”

గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు కూడా పేర్చాడు. నీరు పోతే ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మళ్లీ నానబెట్టినా పూర్తిగా విడవు, ప్లాస్టిక్‌లో గడ్డలుగా మిగులుతాయి. వేరే పొట్టు లేదు. నానబెట్టి, నూరి, మిగతా పనంతా యథావిధిగా చేసి కండెలు పోయించాము.

ధర్మవరంలో వ్యాపారి, మేమిద్దరం చూస్తుండగా నేతగాడు కండెను నాడెలో పెట్టి విసిరాడు. పట్టుపోగు తెగింది. ముడివేశాడు, మళ్లీ తెగింది. కండెను బయటికి తీసి వేలితో తడిమాడు.

“ఏమప్పా, దీనికి అమ్మోరు పోసినట్లుండాదే. పట్టును కొరికేస్తాంది.”

నేతగాడితో పాటు తమ్ముడూ నవ్వాడు. వ్యాపారి నవ్వలేదు.

“చీర చెడితే జనం నన్నడుగుతారు పెద్దాయనా, నిన్నడగరు,” అని కండెలన్నీ సంచిలో వేసి ఇచ్చాడు.

యంత్రం వారంలోపే లారీ ఎక్కింది. తమ్ముడు ఇప్పుడు హిందూపురంలో ఒక గోదాముకు కాపలా ఉంటున్నాడు. ఆదివారాలు మా ఇంటికి వస్తాడు. తొలి విడత గుజ్జు కొంచెం, తేదీ చీటీ అంటించిన సీసాలో, నా బల్ల మీద ఉంది. అది ఎండకుండా ఇన్నాళ్లూ నీళ్లు పోస్తూ వచ్చాను. మొన్న అతను ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

“చెప్తే వింటివా అన్నా,” అన్నాడు. “బూజు పట్టింది చూడు.”

అద్దాలు పెట్టుకుని చూశాను. నిజమే, పట్టింది.