రొట్టె ఎక్కడికీ పోదు

మా మేనత్త పోయింది. నెలలో మొదటి ఆదివారం, అంటే మా చర్చిలో బల్ల ఆదివారం, పొద్దున్న ఏడున్నరకి ఆవిడ పక్కింటావిడ ఫోన్ చేసి, "మీ అత్త కుర్చీలోనే ఉండిపోయిందండి, పిలిత్తే పలకట్లేదు" అంది. ఏడింటికల్లా వస్తానని అత్తకి మాటిచ్చి, కావాలనే ఆలస్యం చేస్తూ నేను మంచం మీద ఫోన్ చూసుకుంటున్నాను. వెళ్లేసరికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లచీర, ఒళ్లో బైబిలు సంచి, కాళ్లకి చెప్పులు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. పోతూ పోతూ కూడా నా నెత్తిన ఒక పని పెట్టే పోయింది.

ఆ పనేమిటో చెప్పాలంటే ముందు ఆవిడతో వేగడం ఎలా ఉండేదో చెప్పాలి. అనకాపల్లి గవరపాలెంలో జాకెట్లు కుట్టుకుంటూ ఒక్కతే ఉండేది. పిల్లల్లేరు. మావయ్య ఎప్పుడో పోయాడు. మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, మన మీద ఎవరికైనా మనసులో ఏదైనా ఉంటే వెళ్లి సమాధానపడి రావాలన్న మాట క్రైస్తవులమందరం విన్నదే. విని, తలూపి, రొట్టె తీసుకుని, ఇంటికెళ్లి చికెన్ కూర తింటాం. ఈవిడ అలా కాదు. నిజంగా లేచి వెళ్లిపోయేది. పాస్టరు గారు అక్కడ ప్రార్థన మొదలెట్టగానే ఈవిడకి ఇక్కడ ఎవరో ఒకరు గుర్తొచ్చేవారు. సంచి చంకన పెట్టుకుని, "కాస్త కాళ్లు తియ్యండమ్మా" అంటూ వరసంతా కదిలించుకుంటూ బయటికి నడిచేది. వెనక నేను. ఎందుకంటే స్కూటీ నాది.

ఆ స్కూటీ సీటు ఎండకి కాలుతోందని పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, నాలుగు మూలలా నాడాలు కుట్టి, వెనక సీటుకి కట్టేసింది. నా బండికి ఆ పూల తువ్వాలేమిటని మా కంపెనీలో అందరూ నవ్వేవారు. ఎక్కేముందు ప్రతిసారీ నా వీపు మీద రెండు వేళ్లతో పొడిచి "జరుగు నాయనా" అనేది. నేను ఎంత ముందు కూర్చున్నా అనేది.

ఒక బల్ల ఆదివారం నన్ను మాడుగుల దాకా తీసుకుపోయింది. ఆరేళ్ల కిందట ఒకావిడ జాకెట్టు మెడ లూజైందని తెస్తే, "జాకెట్టు బాగానే ఉంది, నీ మెడే సన్నం" అందట. ఆ సంగతి సరిగ్గా ప్రసంగం మధ్యలో గుర్తొచ్చింది. అంత దూరం వెళ్తే ఆవిడ, "ఏ జాకెట్టండి?" అని అడిగింది. చాలాసేపు ఆలోచించి, గుర్తు రాక, మా మొహాలు చూసి జాలిపడి హల్వా పెట్టి పంపింది. తిరిగొచ్చేసరికి చర్చికి తాళం వేసి ఉంది.

"రొట్టె పోయింది కదత్తా" అన్నాను ఒళ్లు మండి.

"రొట్టె ఎక్కడికీ పోదురా. వచ్చే నెల ఉంటది. మనిసే ఉంటదో ఉండదో" అంది హల్వా నోట్లో వేసుకుంటూ.

ఇప్పుడు ఫోన్ చేసిన ఈ పక్కింటావిడే ఒకప్పుడు చెత్తంతా ఊడ్చి మా అత్త గుమ్మం ముందుకి తోసేది. అత్త ఊరుకునే రకం కాదు, వీధంతా వినబడేలా కడిగేసింది. తీరా మొదటి ఆదివారం వచ్చేసరికి చీర కట్టుకుని ఆ ఇంటికి బయల్దేరింది. నాకు తల తిరిగిపోయింది.

"చెత్త పోసింది ఆవిడ. కోపం ఉండాల్సింది నీకు. నువ్వెందుకు వెళ్లడం?"

"నీకు ఆళ్ల మీద కోపముందా అని ప్రభువు అడగలేదురా. ఆళ్లకి నీ మీద ఉందా అని అడిగేడు. సరిగ్గా సదూకో."

"అయితే తప్పు నీదని ఒప్పుకుంటావా?"

"నాది తప్పని ఎల్లట్లేదు. ఎల్లమన్నాడని ఎల్తన్నాను."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

చదివేవాళ్లు ఈవిడేదో మెత్తటి మనిషి అనుకునేరు. నోరు విప్పితే కత్తెరే. లోబడటం ఆవిడకి చేతకాని పని, చేతకాకపోయినా చేసేది. అది నేను పరవాడలో చూశాను. అక్కడ ఆవిడ తోటికోడలుంది. మావయ్యని మట్టి చేసిన రోజున, అందరి ముందూ, "ప్రార్థనలంటూ కూర్చుని నా మరిదిని చంపుకుంది" అన్న మనిషి. నిజానికి మా అత్త ఆయన్ని నాలుగు నెలలు ఆస్పత్రుల చుట్టూ తిప్పింది. ఆ తోటికోడలి ఇంటికి రెండు బల్ల ఆదివారాలు బయల్దేరి, రెండుసార్లూ వీధి మలుపు దాకా వచ్చి బండి తిప్పమంది. మూడోసారి దిగింది. దిగి బండి పట్టుకునే నిలబడింది.

"నాకు ఇట్టం లేదురా" అంది.

"మరెందుకు? పోదాం పద."

"ఇట్టం వచ్చేక సేద్దారంటే ఇంక ఎప్పటికీ సెయ్యం."

వెళ్లి తలుపు కొట్టింది. ఆ పెద్దావిడ కిటికీలోంచి చూసి, ఎవరో తెలుసుకుని, కిటికీ రెక్క కూడా వేసేసింది. మా అత్త ఎండలో నిలబడి, వేసున్న తలుపుతోనే, "అక్కా, నానొచ్చేను. నా మీద ఏటున్నా మనసులోంచి తీసీ" అని చెప్పి తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆవిడ మొహంలో శాంతి, వెలుగు లాంటివి కనిపించాయని రాస్తే అబద్ధం అవుతుంది. దారి పొడుగునా గోతుల్లో బండి దింపుతున్నానని నన్ను తిట్టింది. చర్చి దగ్గర దిగి, ముక్కు తుడుచుకుని, రొట్టె తీసుకుంది.

ఇక నా సంగతి. మా అమ్మ సమాధి మీద రాయి మా అన్నయ్య చెక్కించాడు. కింద "ప్రేమతో, కుమారుడు" అని ఉంది. అమ్మకి మేమిద్దరం కొడుకులం. చెక్కినవాడు "లు" బదులు "డు" కొట్టేశాడని అన్నయ్య అన్నాడు. "ఆడికి తెలుగు రాకపోతే నీకు కళ్లు లేవా?" అన్నాను. "అమ్మ మంచాన పడ్డ ఏడాది నువ్వెన్నిసార్లొచ్చేవు? ఒక్క కొడుకే అనుకున్నాడేమో" అన్నాడు. సమాధుల తోటలో, చుట్టాలందరి ముందు. అంతే, మూడేళ్లు మాటల్లేవు. అతనుండే కశింకోట మా ఇంటి నుంచి పావుగంట దూరం.

అత్త ప్రతి నెలా పోరేది. ఒకరోజు విసిగిపోయి, "నీ పని నువ్వు చూసుకో, నా జోలికి రాకు" అని అరిచాను. ఆ ఆదివారం రొట్టె పళ్లెం దగ్గరికొస్తే ఆవిడ తీసుకోకుండా పక్కకి పంపేసింది. బయటికొచ్చాక అడిగాను.

"నా మీద నీకు కోపముంది కదా. నానెలా తీసుకుంతాను?" అంది.

"నాకేం కోపం లేదు" అన్నాను.

"మరైతే మీ అన్న కాడికి పద."

ఇది బెదిరింపా, భక్తా? ఇప్పటికీ నాకు తెలీదు. ఏడు నెలలు ఆ పళ్లెం ఆవిడ ముందు నుంచి అలాగే వెళ్లిపోయింది. నేను మొండికేశాను, ఆవిడా మొండికేసింది. ఆఖరికి ఆవిడ పోయే ముందురోజు, శనివారం, నేనే తగ్గి, మర్నాడు పొద్దున్నే కశింకోట మీదుగా తీసుకెళ్తానన్నాను. ఆ మాట నమ్మి చెప్పులేసుకుని కూర్చుంది. నేను మంచం దిగలేదు. ఏడు నెలలు రొట్టె ముట్టకుండానే మా అత్త వెళ్లిపోయింది. దీనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పెట్టె మోయడానికి అన్నయ్య వచ్చాడు. ముందు అతను, వెనక నేను. అడుగు కలవకపోతే పెట్టె ఒరుగుతుంది కాబట్టి మాటల్లేకపోయినా అడుగు కలిపాం. దారిలో అమ్మ రాయి కనబడింది. "కుమారుడు" అలాగే ఉంది. మట్టి వేసి, చేతులు కడుక్కుని, ఎవరి దారిన వాళ్లం పోయాం.

మొన్న మళ్లీ బల్ల ఆదివారం వచ్చింది. ప్రార్థన చేశాను. మనసేమీ మారలేదు. ఇష్టం రాలేదు. ఆ "డు" కళ్లలో అలాగే గుచ్చుకుంటోంది. అత్తని మనసారా తిట్టుకుంటూనే బండి తీశాను. కశింకోటలో గేటు ముందు ఆపి హారన్ కొట్టాను. అన్నయ్య చొక్కా లేకుండా బయటికొచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటి?"

"వందనాలు, అన్నయ్యా." బండి దిగకుండానే అన్నాను. "అమ్మ మంచాన ఉన్నప్పుడు నేను రాలేదు. నువ్వన్నది నిజమే. అది సెప్పడానికే వచ్చేను."

అతను నా వైపు చూడలేదు. స్కూటీ వెనక సీటుకి కట్టి ఉన్న పూల తువ్వాలు వైపు చూశాడు.

"అత్త పంపిందా?"

"ఊఁ" అన్నాను.

లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు. లోపల బీరువా తీసిన చప్పుడైంది. చొక్కా కోసమో, ఇంక దేనికోసమో. ఎండెక్కుతోంది, చర్చికి టైమవుతోంది. నేను బండి మీద కూర్చుని ఆ తెరిచిన తలుపు వైపు చూస్తూ, ఎవరూ వీపు మీద పొడవకుండానే, కొంచెం ముందుకి జరిగాను.