పెద్దమ్మ దొడ్లో గాడిదలు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున్న నేను కాకినాడలో ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. అవతల సత్యవతి. మా పెద్దమ్మ ఇంట్లో గడ్డి కోసి తెచ్చే మనిషి. ఎలా ఉన్నారని కూడా అడగలేదు. "పెద్దమ్మగారు లేవలేదండి" అంది. "టీ పట్టుకెళ్ళి లేపానండి. ఒళ్ళు చల్లగా ఉందండి" అంది. ఆ తర్వాత ఏడుపే. ఆ ఏడుపు వెనకాల నించి గాడిదల ఓండ్రింపు వినబడింది. వాటికి ఆ పూట ఇంకా ఎవరూ మేత వెయ్యలేదు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. రాజమండ్రిలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక మండపేట దగ్గర ఒక ఊళ్ళో, కాలువ గట్టు పక్కన చిన్న ఇల్లు కొనుక్కుని ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఊరందరికీ సిస్టరుగారు. చివరి ఏళ్ళలో మాత్రం గాడిదల సిస్టరుగారు. ఎగతాళికే అనేవారని ఆవిడకి తెలుసు. "నర్సుల్ని ఏమేమంటారో నేను విన్నానులేవే. దానికంటే ఇదే నయం" అనేది.

ఆవిడేదో సాధించిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. సాధించలేదు. ఆ సంగతి ఆవిడకే అందరికంటే బాగా తెలుసు.

మా జిల్లాల్లో గాడిద మాంసం తింటారంటే బయటివాళ్ళు నమ్మరు. ఆదివారం తెల్లారేసరికి కొన్నిచోట్ల అమ్మేస్తారు. ఒంటికి బలమని, నడుంనొప్పి పోతుందని, పిల్లలకి ఆయాసం తగ్గుతుందని నమ్మకం. ఇక్కడి గాడిదలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు వచ్చేవన్నీ ఎక్కడో రాజస్థాన్ నించి, మహారాష్ట్ర నించి వ్యాన్లలో కుక్కి తెచ్చినవి. అది చట్టవిరుద్ధమని అమ్మేవాళ్ళకీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు, పట్టుకోవలసినవాళ్ళకీ తెలుసు.

అలాంటి వ్యాను ఒకటి ఒక ఎండాకాలం మధ్యాహ్నం సరిగ్గా పెద్దమ్మ ఇంటి ముందు టైరు పేలి ఆగిపోయింది. లోపలనించి రేకుని తన్నుతున్న చప్పుడు వినబడితే ఆవిడ వెళ్ళి టార్పాలిన్ ఎత్తి చూసింది. నైలాన్ తాళ్ళతో కాళ్ళు కట్టేసి, ఒకదాని మీద ఒకటి పడేసిన గాడిదలు.

"ఇటుకల బట్టీకండి, మట్టి మొయ్యడానికి" అన్నాడు డ్రైవరు.

"కాలు విరిగిన గాడిద మట్టేం మోస్తుందయ్యా?" అంది పెద్దమ్మ.

ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వ్యానుకి అడ్డంగా వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంది. పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేదాకా లేవలేదు. టైరు మార్చుకున్న డ్రైవరు హారన్ కొట్టాడు, బతిమాలాడు, ఆఖరికి తిట్టాడు. ఆవిడ గొడుగు చెయ్యి మార్చుకుందే తప్ప కదల్లేదని ఎదురింటివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కేసు రాశాక ఎస్సైగారు తల గోక్కున్నారు. "స్టేషన్లో కట్టెయ్యడానికి చోటు లేదండి సిస్టరుగారూ. రెండ్రోజులు మీ దొడ్లో ఉంచండి. ఎవరో ఒకరొచ్చి పట్టుకెళ్తారు."

ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఎక్కడ వ్యాను పట్టుబడినా, అడక్కుండానే తెచ్చి ఆవిడ దొడ్లో దింపేసి వెళ్ళడం మొదలుపెట్టారు.

నేను సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఒకటే దృశ్యం. పెద్దమ్మ చిన్న పీట మీద కూర్చుని, గాడిద డెక్కని ఒళ్ళో పెట్టుకుని, ఇనప కొక్కెంతో బురద గీకుతూ ఉండేది. గీకాక పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి, గుడ్డతో ఒత్తి తుడిచేది. తాడు కోసుకుపోయిన పుండ్లకి మందు రాసేటప్పుడు, ఆసుపత్రిలో మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. "మండుతుందమ్మా. మండకుండా మందు లేదు. ఇదిగో, అయిపోయింది." కొత్తగా వచ్చినవి మనిషి చెయ్యి ఎత్తితే చాలు వణికేవి. వాటి దగ్గర నేల మీద కూర్చుని, వాటి వైపు చూడకుండా చిక్కుడుకాయలు ఒలుచుకునేది. అవే దగ్గరికి వచ్చి వాసన చూసేదాకా కదిలేది కాదు.

వేటికీ పేర్లు పెట్టలేదు. గోడవారది, పంపు దగ్గరది, ఒంటికన్నుది అనేది. ఏం పెద్దమ్మా అంటే, "పేరు పెడితే పోయాక కూడా పిలవాలనిపిస్తుందే" అంది.

పోవడం మాత్రం ఆగలేదు. కడుపు నిండా మేత ఉంది, మందు ఉంది, కొట్టేవాళ్ళు లేరు. అయినా పుండ్లు మానిన గాడిద కూడా కొన్నాళ్ళకి కుంటడం మొదలుపెట్టేది. డెక్కలు మెత్తబడి, లోపల చీము పట్టేది. పశువుల డాక్టరుగారు వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చాలాసేపు చూసి, చేతులు కడుక్కుంటూ చెప్పారు.

"ఇవి ఎండునేల జంతువులండి. రాళ్ళమీద తిరిగి, ఎండుగడ్డి తిని బతుకుతాయి. మన గడ్డి వీటికి మరీ పచ్చి. మన నేల మరీ తడి. మీరు ఎంత చేసినా ఈ నేల వీటిని బతకనివ్వదండి."

పెద్దమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి పంపించింది. మర్నాడే గోదావరి ఇసక తోలించింది. ఇటుకలతో అరుగు కట్టించి, పైన కొబ్బరి పీచు పరిపించింది. పచ్చగడ్డి తగ్గించి ఎండుగడ్డి పెట్టింది. వానాకాలం వచ్చేసరికి కాలువ నిండి, ఇసక కిందనించి నీరు ఊరింది. ఆ వానాకాలంలోనే చాలా గాడిదలు పోయాయి. పోయిన ప్రతిదాని పక్కనా ఆవిడ ఉంది. తల ఒళ్ళో పెట్టుకుని చెవుల వెనక రాస్తూ కూర్చునేది. సత్యవతి భర్త గొయ్యి తవ్వితే కాస్త లోతు తవ్వమనేది, కుక్కలు పీకకుండా.

"వీటిని ఇక్కడికి తెచ్చి మనమే చంపుతున్నట్టు లేదూ?" అని ఒకసారి అడిగాను.

కోప్పడలేదు. "అదీ నిజమేనేమోనే" అంది. "కానీ అక్కడ చావడం వేరు, ఇక్కడ చావడం వేరు. మా వార్డులో కూడా బాగుపడి వెళ్ళినవాళ్ళకంటే పోయినవాళ్ళే ఎక్కువ నాకు గుర్తు. నర్సు డ్యూటీలో గెలవడం ఉండదమ్మా, డ్యూటీ దిగిపోవడమే ఉంటుంది."

ఆవిడ వెళ్ళే చర్చిలోనే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన కూతురికి ఆయాసం. ప్రతి ఆదివారం ఆరాధనకి వచ్చేముందే మాంసం కొని ఇంట్లో ఇచ్చి వస్తాడని పెద్దమ్మకి తెలిసి, ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళింది. నన్నూ తీసుకెళ్ళింది. ఆవిడ నోరు తెరవకముందే ఆయన చేతులు జోడించాడు.

"సిస్టరుగారూ, మీ గాడిదల మీద నాకేం పగలేదండి. కానీ నా పిల్ల ఊపిరి ఆడక గిలగిలా కొట్టుకుంటంటే చూసేవాణ్ణి నేను. ఎవరేం తినిపించమన్నా తినిపిస్తానండి. ఆయ్."

పెద్దమ్మ వాదించలేదు. ఆ పిల్లని దగ్గరికి పిలిచి, గుండెకి చెవి ఆనించి విని, మర్నాడే కాకినాడలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రాసిన ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో వారం రోజులు వాళ్ళింటికి వెళ్ళి నేర్పింది. ఆ పిల్ల తేరుకుంది. బడికి వెళ్ళింది, పరిగెత్తింది. ఆ ఏడాది క్రిస్మస్‌కి ఆ తండ్రి కేకు పట్టుకుని వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళతో, "మొత్తానికి ఆ మాంసం పట్టిందండి సిస్టరుగారూ" అన్నాడు. మా ఊళ్ళో ఫలానా వాళ్ళకి కూడా చెప్పానండి, వాళ్ళూ మొదలుపెట్టారండి అన్నాడు.

ఆయన వెళ్ళాక పెద్దమ్మ కేకు కోసి సత్యవతికీ నాకూ పెట్టింది. "పిల్ల పరిగెడుతోంది కదా" అంది. అంతే. తర్వాత వెళ్ళి పంపు దగ్గరదాని డెక్క ఒళ్ళోకి తీసుకుంది.

కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక ఆవిడ ఒకే పని పెట్టుకుంది. మిగిలినవాటికి ఎండునేల వెతకడం. జంతువుల్ని ఉంచే చోట్లన్నిటికీ ఫోన్ చేసేది. అనంతపురం వైపు ఒకచోట మొదట సరేనన్నారు. వ్యాను కూడా మాట్లాడుకున్నాక, వాళ్ళకే మేత చాలడం లేదని, వచ్చే ఏడు చూద్దామని చెప్పారు. "వచ్చే ఏడు" అని నా వైపు చూసి నవ్వింది. డయాలసిస్ నించి వచ్చిన రోజున కూడా గోడ పట్టుకుని దొడ్లోకి వెళ్ళేది. వంగలేకపోయేది. సత్యవతి డెక్క ఎత్తి పట్టుకుంటే, కుర్చీలో కూర్చుని శుభ్రం చేసేది. ఉద్యోగం మానుకుని వచ్చి చూడమని ఆవిడ అడగలేదు, చూస్తానని నేనూ చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు అది జరిగే పని కాదని.

శనివారం పొద్దున్న సమాధి చేశాం. ఎగతాళి చేసిన ఊరే మొత్తం కదిలి వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రిలో ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళు, ఆవిడ సూది గుచ్చగా ఏడ్చినవాళ్ళు, అందరూ వచ్చారు. ఆ ఆయాసం పిల్ల పాట పాడింది. ఎక్కడా ఊపిరి తడబడకుండా, చివరిదాకా పాడింది. సత్యవతి, ఆమె భర్త కూడా నా పక్కనే ఉన్నారు. ఇంటి దగ్గర ఎవరూ లేరు.

తిరిగి వచ్చేసరికి దొడ్డి తలుపు తీసి ఉంది. తాళ్ళు కోసి ఉన్నాయి. గాడిదలు లేవు. వ్యాను వచ్చి వెళ్ళిన చక్రాల గుర్తులు గట్టు మీద స్పష్టంగా కనబడుతున్నాయి. అందరూ ఎక్కడుంటారో తెలిసినవాళ్ళే, అదే సమయం చూసుకుని వచ్చారు. ఒంటికన్నుదాన్ని మాత్రం వదిలేశారు. అది లేచి నడవలేదు, ఎత్తడానికి వాళ్ళకి తీరిక లేకపోయుంటుంది.

స్టేషన్‌కి వెళ్ళాను. ఫిర్యాదు రాసుకున్నాయన మంచివాడే. పెన్ను పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు. "వెతుకుతామండి. కానీ రేపు ఆదివారం కదండి."

ఆదివారం నేను ఊళ్ళోకి వెళ్ళలేదు. సత్యవతి ఎండుగడ్డి తెచ్చి అరుగు మీద పరిచింది. రోజూ ఒంటికన్నుది, పంపు దగ్గరది పక్కపక్కన తలలు పెట్టి తినేవట. ఆ రోజు ఒంటికన్నుది పడుకున్నచోటునించే మెడ చాపి, నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది. తన వైపు ఉన్న సగం తింది. మధ్యకి వచ్చి ఆగింది. మూతి ఎత్తి, తన చూపు లేని వైపు చెవి తిప్పి, వింటూ ఉండిపోయింది. మిగతా సగం ముట్టుకోలేదు. చాలాసేపటికి సత్యవతి చీపురు తెచ్చింది. ఆ గడ్డి ఊడ్చబోయి, ఊడ్చకుండా అలాగే నిలబడింది.